పులికి కితకితలు

పులికి కితకితలు ఉంటాయని నాకు తెలిసింది ఉద్యోగంలోనే. చదువులో ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి నలుగురిలో చెప్పబోయిన ప్రతిసారీ మధ్యలో నవ్వొచ్చి ఆగిపోయాను. నా పదవీ విరమణ సభలో కూడా అంతే. మైకు పట్టుకుని, అండర్ బ్రిడ్జి అవతల ఒక ఇంట్లో ఒకసారి ఏం జరిగిందంటే అని మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక మొహం కొంగులో దాచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని అందరూ చప్పట్లు కొట్టి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. కాగితం మీదైతే నవ్వొచ్చినప్పుడు కలం పక్కన పెట్టుకోవచ్చు, తగ్గాక మళ్లీ తీసుకోవచ్చు. ఇప్పుడు రేడియోల్లో, చానెళ్లలో పనిచేసే పిల్లలు నన్ను అడుగుతుంటారు, కళాకారులను మాట్లాడించడం ఎలా మేడమ్ అని. వాళ్ల కోసం రాస్తున్నాను. పనికొస్తుందని హామీ ఏమీ లేదు.

డెబ్బైల చివరి మాట. హనుమకొండలో మాదొక చిన్న రేడియో ఆఫీసు. ఇక్కడ రికార్డు చేసిన టేపులు హైదరాబాదు వెళ్లి అక్కడినుంచి ప్రసారమయ్యేవి. నేను అప్పుడే డిగ్రీ ముగించి, హసన్‌పర్తి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ, కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. నాకు అప్పగించిన శీర్షిక, చేతులతో ఏదైనా తయారుచేసే వాళ్లతో ముచ్చట. ఆలోచన మీకు ఎక్కడ పుడుతుంది, అది ఎలా రూపం కడుతుంది, ఎక్కడ చెడిపోతుంది, చెడిపోతే ఏం చేస్తారు. ఇవీ నా ప్రశ్నలు. వాటిని చూసుకుంటే నాకే ముద్దొచ్చేవి.

నాతోపాటు తిరిగే రికార్డిస్టు కాజీపేట మనిషి. నాకంటే ముప్పై ఏళ్లు పైనే పెద్ద. భారీ మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. ఆదివారం చర్చిలో పాడేవాడు, మిగతా రోజుల్లో అవసరమైతేనే మాట్లాడేవాడు. నేను ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ఆయన నవ్వగా ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఆయన లెక్కలో ప్రపంచమంతా రెండే రకాలు, ఒకటి మాట, రెండోది చప్పుడు. నవ్వు చప్పుడు కిందికి వచ్చేది. ఒక్క కాకి అరుపు పడినా ఆ టేపు పనికిరాదనేవాడు. యంత్రాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను దగ్గరగా ఊపిరి తీసినా ఒకసారి నావైపు చూసేవాడు.

నా శీర్షిక ఘోరంగా నడుస్తోంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకాయన ఉండేవాడు. చాయ్ తాగుతున్నంతసేపూ ఎర్రకీ నీలానికీ ఎలా జగడమవుతుందో, ఆ జగడం తీర్చడానికి మధ్యలో తెల్ల గీత ఎలా వస్తుందో చెప్పి నన్ను కట్టిపడేశాడు. మైకు ముందు పెట్టగానే వెన్ను నిటారుగా చేసి, చేనేత మన జాతి సంపద అని మొదలుపెట్టాడు. డప్పులు కట్టే ఒకాయన ప్రతి ప్రశ్నకూ అంతా దేవుడి దయ అన్నాడు. అయిదో ప్రశ్నకు నేను కూడా అవునండీ అనేశాను.

మా ఆఫీసరు ఆ టేపులన్నీ విన్నాడు. చెడ్డవాడు కాదు పాపం. అందరూ ఒకే మనిషి మాట్లాడినట్టు ఉన్నారమ్మా అన్నాడు. ఇంకొక్క టేపు చూద్దామనీ, అదీ ఇలాగే ఉంటే శీర్షిక మూసేద్దామనీ అన్నాడు. శీర్షిక మూస్తే నా కాంట్రాక్టూ మూసినట్టే. ఆ మాట ఆయన అనలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు.

అప్పుడు దొరికాడు, అండర్ బ్రిడ్జి అవతలి వాడలో, పులుల పెయింటరు.

మామూలు రోజుల్లో ఆయన దుకాణాల బోర్డులు, లారీల వెనక పూలు, పిట్టలు వేసేవాడు. పీర్ల పండుగ, అంటే మొహర్రం, దగ్గరపడితే మాత్రం బోర్డులు కట్టిపెట్టి పులులు వేసేవాడు. పులివేషం కడతామని మొక్కుకున్న వాళ్ల ఒంటికి పసుప్పచ్చ రంగు పూసి, చారలు దిద్ది, పొట్ట మీద పులి మొహం గీసేవాడు. ముక్కు సరిగ్గా బొడ్డు దగ్గరికి వచ్చేది. పొట్ట మీద మొహం అనేది ఆయన సొంత కల్పన. ఆయన పులిని చూసి కుక్కలు తోక ముడిచి ఉరుకుతాయని ఆ వాడంతా చెప్పుకునేది.

మొదటి రోజు వాకిట్లో నిలబడే గంటసేపు మాట్లాడాడు. ముందు తాను పులి అయితేనే ఎదుటి మనిషిని పులి చేయగలడట. అందుకని పులి వేసే రోజు పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడడట, ఇంట్లోవాళ్లు పలకరిస్తే గుర్రుమంటాడట. రంగులు నూరుతున్న ఆయన భార్య తల ఎత్తకుండా, పండుగ లేని రోజుల్లో కూడా అంతేనని చెప్పింది. నేను బస్సులో ఇంటికి పోతూ దారంతా నవ్వుకున్నాను. నా నౌకరి నిలిచిందనుకున్నాను.

మర్నాడు పొద్దున యంత్రంతో వెళ్లేసరికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వి, కుర్చీలో కూర్చున్నాడు. టేపు తిరగడం మొదలుకాగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "కళ అనునది మానవ జీవితమునకు అలంకారము వంటిది" అన్నాడు. పక్కింటి పంతులు రాసిచ్చి బట్టీ పట్టించాడట. రికార్డిస్టు సారు టేపు ఆపి, నావైపు చూడకుండా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెయింటరు భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కుర్చీల కూసుంటె ఆయనకు మాట రాదమ్మా" అంది. "నన్ను చూడనీకె వచ్చినప్పుడు గూడ గిట్లనే కొయ్యలెక్క కూసున్నడు. చేతిల కుంచె పెట్టున్రి. ఇగ ఆపుడు మీతోని గాదు."

కుంచె సరే, పులి ఏది? ప్రతి ఏడూ ఆయన చేతిలో పులి అయ్యేది గ్రెయిన్ మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ. అతను అత్తగారింటికని వర్ధన్నపేట పోయాడు, పండుగ ముందురోజు గానీ రాడు. ఆమె ఒక కొత్త కుండ తెచ్చి బోర్లించి, దీని మీద వెయ్యమంది. పెయింటరు రెండు గీతలు గీసి కుంచె కింద పెట్టేశాడు. కుండ ఊపిరి తీయదు కదా అన్నాడు. ఊపిరి తీస్తే చారలు దగ్గరికీ దూరానికీ జరుగుతాయనీ, అప్పుడే పులి బతికి ఉన్నట్టనీ అన్నాడు. అంటూనే ఆయన చూపు మెల్లగా యంత్రం మీదికి, యంత్రం మీదినుంచి దాని వెనకున్న పొట్ట మీదికి పోయింది. గుడ్డల దుకాణంలో మంచి చీర కనబడితే ఆడవాళ్లు చూసే చూపు అది.

సారుకు అర్థమై రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాడు.

తాను గవర్నమెంటు మనిషినన్నాడు. పులికి గవర్నమెంటు ఏంది సార్ అన్నాడు పెయింటరు. ఇలాంటి పొట్ట కోసం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాననీ, హమాలీది రాతి కడుపనీ, దాని మీద గీత ఎంత దిద్దినా గోడ మీద గీసినట్టే ఉంటుందనీ దీనంగా చెప్పాడు. ఆయన భార్య కూడా పక్కకు వంగి చూసి, మంచిగున్నదని ఒప్పుకుంది.

సారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ టేపు గూడ పోతె నీ నౌకరి పోతదా బిడ్డా?"

పోతుందన్నాను. ఆయన చొక్కా గుండీలు పైనుంచి ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడు. చొక్కా, బనీను నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచాడు. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టాడు. ఇది తిప్పితే మొదలవుతుంది, ఇది తిప్పితే ఆగుతుంది, ఈ ముల్లు ఎర్ర గీత దాటితే గొంతు పగిలినట్టు పడుతుంది, దాటకుండా చూసుకో, మిగతావి ముట్టకు అన్నాడు. తర్వాత వాకిలి మధ్యలో నిలబడి, చేతులు బార చాపి, కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. ప్రార్థన చేసుకున్నట్టున్నాడు.

చలికాలం పొద్దు. రంగు చల్లగా ఉంది. మొదటి కుంచె పక్కటెముకల కింద తగిలింది.

నా చెవుల్లో ఒక చప్పుడు వినబడింది. చిన్న పిల్లి మీద కాలు పడితే వచ్చేలాంటి చప్పుడు. ఎక్కడినుంచో అని చుట్టూ చూశాను. సారు పెదాలు బిగించి ఆకాశంలోకి చూస్తున్నాడు. రెండో కుంచెకు పొట్ట లోపలికి పోయింది. మూడో కుంచెకు ఆ మహానుభావుడు కిలకిలా నవ్వాడు. అంత మనిషిలోంచి, అంత సన్నగా.

నవ్వితే గీత పోతుంది, జర ఆగండి సార్ అన్నాడు పెయింటరు. ఆగడం ఆయన చేతిలో లేదు. అయితే ఆమె చెప్పినట్టే జరిగింది. కుంచె చేతికి రాగానే పెయింటరు నోరు తెరుచుకుంది. చార ఎక్కడ మొదలుపెట్టాలో ముందు ఎప్పుడూ అనుకోననీ, చెయ్యి ఎటు పోతే అటేననీ అన్నాడు. అబద్ధమంది ఆయన భార్య. వారం రోజులుగా అన్నం పళ్లెంలో పప్పుతో చారలు గీస్తున్నాడట. అవి వేరే చారలన్నాడు. అవే చారలంది. పోయిన ఏడు వీపు మీది చారలు తనకు కలలో వచ్చాయన్నాడు. కలలో కాదు, అవి నా చీర అంచులోవి అంది ఆమె. ఆయన కుంచె ఆపి ఆలోచించి, కావచ్చు అన్నాడు. అంతా టేపు మీద పడుతోంది. నేను ముద్దుగా రాసుకున్న ప్రశ్నలు ఒక్కటీ గుర్తులేవు. ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు, ఈ రెండు మాటలే అడుగుతున్నాను, అవి కూడా నవ్వు ఆపుకుంటూ. ముల్లు ఎర్ర గీత మీద గంతులేస్తోంది.

పొట్ట మీద మొహం పూర్తి కావచ్చింది. కళ్లు, ముక్కు, మీసాలు, కిందికి దిగిన కోరలు. పెయింటరు నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. సరిగ్గా అప్పుడే సారు మళ్లీ నవ్వాడు. పొట్ట ఊగింది. పులి కళ్లు చిన్నవయ్యాయి, బుగ్గలు పొంగాయి, మీసాలు ఎగిరాయి. పులి కూడా నవ్వింది.

పెయింటరు మొహం వాడిపోయింది.

"ఇది నా పులి గాదు" అన్నాడు. "ఇన్నేండ్ల సంది నా పులిని చూస్తె కుక్కలు ఉరికినయ్. దీన్ని చూస్తె కుక్క తోక ఊపుతది."

"ఊపనియ్యి" అంది ఆయన భార్య. "ప్రతి ఏడు భయపెట్టుడేనా?"

పెయింటరు కుంచె నూనెలో ముంచి అలా పట్టుకుని నిలబడ్డాడు. వాకిలంతా నిశ్శబ్దం. టేపు తిరుగుతోంది. రేడియోలో ఖాళీ ఉండకూడదని మాకు నేర్పిన మొదటి పాఠం. ఏదో అడగబోయి నోరు తెరిచాను. సారు నవ్వు ఆపుకుని, చేతులు చాచినచోటే ఉంచి, నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అడగకు, ఉండనివ్వు అని. చెవుల్లో ఏమీ లేదు. దూరంగా రైలు, దగ్గరగా పెయింటరు ఊపిరి. మనిషి ఆలోచించడం ఎలా వినబడుతుందో నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఎంతసేపో నాకు తెలియదు. చాలా భయమేసింది, చాలా బాగుంది కూడా.

తర్వాత పెయింటరు నన్ను కాదు, తన భార్యను అడిగాడు. "కోరలు మీదికి తీస్తె ఎట్లుంటది?"

ఆమె దగ్గరికొచ్చి, పొట్టకు తగలకుండా గాలిలో వేలితో గీసి చూపింది. కోరలు వద్దు, మూతి మూలలు వంచు అంది. వంచితే పిల్లి అవుతుందన్నాడు. కనుబొమలు లావు చెయ్యి, పిల్లి కాదు అంది. ఇద్దరూ పులి మొహంలో మొహం పెట్టి తగవులాడుతూ చెరిపారు, దిద్దారు, మళ్లీ చెరిపారు. వాళ్లు అంత దగ్గరగా ఊపిరి తీస్తుంటే సారు పడిన బాధ నేను రాయలేను. చివరికి పెయింటరు వెనక్కి జరిగి, ఇప్పుడు నవ్వండి సార్, చూద్దాం అన్నాడు.

నవ్వమంటే సారుకు నవ్వు రాలేదు. అంతసేపు ఆగని మనిషి ఒక్కసారిగా ఆఫీసులో ఉన్నట్టు అయిపోయాడు. దగ్గి చూశాడు. రాలేదు. నేను రెండు పిచ్చి ముచ్చట్లు చెప్పాను. మర్యాదగా విన్నాడు. పెయింటరు కంగారుపడి, ఎంతో గంభీరంగా చేతులు జోడించాడు. "సార్, మీరు నవ్వకుంటె పులి సచ్చిపోతాంది."

అంతే. సారులోంచి బాజా భజంత్రీల్లాంటి నవ్వు బయటపడింది. ఇది సన్నది కాదు. కింది పొట్టలోంచి పొంగి, గొంతులోంచి, ముక్కులోంచి, బహుశా చెవుల్లోంచి కూడా వచ్చింది. పులి పగలబడి నవ్వింది. పెయింటరు చప్పట్లు కొట్టాడు, చేతికున్న నల్లరంగు మొహానికి అంటింది. ఆయన భార్య గడప మీద కూలబడి కొంగు నోట్లో పెట్టుకుంది. నేను యంత్రాన్ని కౌగిలించుకుని నవ్వుతున్నాను. ఇంతలో టపటపమని చప్పుడు. రీలు అయిపోయి తోక కొట్టుకుంటోంది. కొత్త రీలు ఎక్కించడం నాకు రాదు. పులే వచ్చి, రంగు తగలకుండా పొట్ట లోపలికి పట్టి, ముంజేతుల వరకే చాచి, ఊపిరి బిగబట్టి రీలు మార్చి, మళ్లీ తన చోటికి పోయి నిలబడింది.

రంగు ఆరేదాకా చొక్కా వేసుకోవడానికి లేదు. ఎండలో నిలబెట్టారు. వాడంతా గోడల మీదికెక్కి చూసింది. పండుగకు సాధన చేసుకుంటున్న డప్పుల వాళ్లు సంగతి తెలిసి అటే వచ్చారు. కదలకుండా ఉంటే రంగు పగుళ్లిస్తుందని పెయింటరు చెప్పాడు. నిజమో కాదో నాకు అనుమానమే. సారు మాత్రం దాన్ని సాంకేతిక సలహాగా తీసుకుని, మొదట కుడికాలు, తర్వాత ఎడమకాలు, చాలా క్రమశిక్షణతో కదిపాడు. డప్పు జోరందుకున్నాక క్రమశిక్షణ కొంత సడలింది.

ఆ సాయంత్రమే చర్చిలో క్రిస్మస్ పాటల సాధన. గ్యాసు నూనెతో, అదే కిరోసిన్‌తో, ఎంత రుద్దినా మెడ మీద పసుపు పూర్తిగా పోలేదట. పక్కన నిలబడి పాడేవాళ్లు వాసన పట్టి, ఇంట్లో స్టవ్వు కారుతోందా అని అడిగారట. ఆయన పాట మధ్యలో కిసుక్కుమంటే ఫాదరు కూడా పాట ఆపి చూశాడట. ఇదంతా సారు భార్య నాకు తర్వాత చెప్పింది.

మర్నాడు ఆఫీసరు టేపు వినడానికి కూర్చున్నాడు. రికార్డిస్టు సంతకం చేస్తే తప్ప ఏ టేపూ ప్రసారానికి పోదు. కాకి అరుపుకే కాదన్న మనిషి, ముల్లు ఎర్ర గీత దాటిన టేపుకు ఏమంటాడోనని సారు జేబులోని కలం వైపే చూస్తున్నాను. ఆఫీసరు మొదట మామూలుగా విన్నాడు. పప్పు చారల దగ్గర దగ్గాడు. రెండోసారి దగ్గినప్పుడు అది దగ్గు కాదని తెలిసిపోయింది. పెద్ద నవ్వు దగ్గరకొచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఈ నవ్వేది ఎవరయ్యా అని అడిగాడు.

"లోకల్ ఆర్టిస్టు సార్" అన్నాడు మా సారు, మొహంలో ఏమీ లేకుండా. సంతకం పెట్టి, తారీఖు వేసి, కలం మూత పెట్టుకున్నాడు.

ప్రసారమైన రోజు ఆ వాడ హోటల్లో రేడియో చుట్టూ నిలబడటానికి చోటు లేదు. పెయింటరు తన మాట విని, నేను గింత మాట్లాడిన్నా అని ఆశ్చర్యపోయాడు. ఆయన భార్య, ఎక్కువ మాట్లాడింది నేనే కదా అని సంతోషపడింది. పండుగకు ఆయన హమాలీ వీపు మీద కుక్కలు ఉరికే పులినీ, పొట్ట మీద నవ్వే పులినీ వేశాడు. హమాలీకి ఎక్కడ ముట్టుకున్నా కితకితలు లేవు. అందుకని ఊరేగింపు పొడవునా ఆమె అతని ముందు నడుస్తూ భర్త గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉంది. పులి బాగా నవ్వింది.

నా శీర్షిక మూయలేదు. కొన్నాళ్లకు కాంట్రాక్టు పోయి ఉద్యోగం ఖాయమైంది. అప్పటినుంచి ఎవరి దగ్గరికి వెళ్లినా కుర్చీలో కూర్చోబెట్టలేదు. పని చెయ్యమనేదాన్ని, పక్కన కూర్చునేదాన్ని, ఆగిపోతే ఆగనిచ్చేదాన్ని. నా దగ్గరున్న విద్య ఇంతే.

ఆ నవ్వు మాత్రం అక్కడితో ఆగలేదు. హైదరాబాదులో నాటకాలు చేసేవాళ్లు ఆ టేపు విని, అంత నిండైన నవ్వు మరెక్కడా దొరకదని ఆ ముక్క కత్తిరించి దాచుకున్నారు. ఆ తర్వాత ఏ నాటకంలో పెద్ద నవ్వు కావాలన్నా అదే. నాటకంలో రాక్షసుడు, జమీందారు, తాగిన సుబేదారు, ఎవరు నవ్వినా మా సారే. ఎవరికీ తెలియదు, మాకు తప్ప.

ఎనభైల నడుమ ఆయన రిటైరయ్యాక ఒక ఆదివారం కాజీపేటలో వాళ్లింటికి వెళ్లాను. చాయ్ తాగుతుంటే రేడియోలో పౌరాణిక నాటకం మొదలైంది. కాసేపటికి ఆ నవ్వు ఇల్లంతా నిండింది. వంటింట్లోంచి ఆయన భార్య కేకేసి అడిగింది, "ఇయ్యాల ఎవలైండ్రు?"

సారు కప్పు సాసర్‌లో పెట్టి, చెవి రేడియో వైపు తిప్పి, సరిగ్గా విని చెప్పాడు.

"యముడు."